ఉసిరికాయంత ముద్ద

ఉప్పు లేని పప్పు ఎప్పుడైనా తిన్నారా? తినకండి. తొంభైల్లో మా ఇంట్లో రోజూ అదే వండేవాణ్ణి. మా అమ్మకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయాక డాక్టరు ఉప్పు మాన్పించమన్నాడు. అందుకని ముందు ఉప్పు వెయ్యకుండా పప్పు ఉడికించి, అమ్మ వాటా తీసి, అన్నంతో కలిపి జావలా మెదిపి పక్కన పెట్టేవాణ్ణి. మిగిలిన దాంట్లో ఉప్పూ కారం వేసి, తోటకూరో పాలకూరో తరిగి పడేసి, మళ్ళీ పొయ్యెక్కించేవాణ్ణి. ఆ రెండో విడత మా అమ్మాయిది. గిన్నె అడుగున ఏది మిగిలితే అది నాది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. మా ఇంట్లో వడ్డించేవాణ్ణీ నేనే, కడబంతిలో కూర్చునేవాణ్ణీ నేనే.

అప్పుడు మేం విజయవాడలో, పటమటలో ఒక డాబా ఇంటి వెనక వాటాలో అద్దెకుండేవాళ్ళం. నేను, మా అమ్మ, మా అమ్మాయి. అమ్మాయికి పదేళ్ళప్పుడు మా ఆవిడ కామెర్లతో పోయింది. ఆ మరుసటి ఏడే అమ్మ మంచాన పడింది. ముగ్గురం ఉన్న ఇల్లే గానీ మాటలు వినపడేవి కావు. అమ్మకు మాట పడిపోయి ఒక్కటే మాట మిగిలింది: ‘అదీ’. మంచినీళ్ళు కావాలన్నా ‘అదీ’నే, దోమలు కుడుతున్నా ‘అదీ’నే. ఆవకాయ జాడీ వైపు చూసి అన్నప్పుడు మాత్రం ఆ ‘అదీ’ ఏమిటో నాకు చక్కగా తెలిసేది. తెలిసీ తెలియనట్టు నటించేవాణ్ణి. పండక్కో పబ్బానికో మనసాగక, వేలి కొసతో ఆవకాయ నూనె ఆవిడ నాలుక మీద రాసేవాణ్ణి. కళ్ళు మూసుకుని చప్పరించేది.

నా ఉద్యోగం ఉయ్యూరులో, పంచదార ఫ్యాక్టరీ చెరకు కాటా దగ్గర. ట్రాక్టర్లు, ఎడ్లబళ్ళు లోడుతో వచ్చి కాటా ఎక్కుతాయి. బరువు చూసి చీటీ రాసివ్వాలి. కొన్నేళ్ళు చేశాక, బండి మలుపు తిరుగుతుండగానే లోడు ఎంతుంటుందో కంటితో చెప్పేసేవాణ్ణి. ‘గుమాస్తాగారి కన్నే కాటా’ అని రైతులు వేళాకోళం చేసేవాళ్ళు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఇంట్లో ఉన్న ఒక్క పిల్ల బరువును ఒక్క కిలో పెంచడం నా వల్ల కాలేదు.

వాళ్ళమ్మ పోయాక పిల్ల తిండి మానేసిందని చుట్టాలనేవాళ్ళు. అది నిజం కాదు. మానేస్తే తిట్టి పెట్టొచ్చు. అది మానలేదు, రోజుకింత తగ్గించుకుంటూ పోయింది. కూర పక్కకు నెట్టేది, పెరుగన్నం నాలుగు మెతుకులు తిని ‘అయిపోయింది నాన్నా’ అనేది. కళ్ళ కింద నీడలు వచ్చాయి. మెట్లెక్కితే ఆయాసపడేది. లేడీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్తే, ఆవిడ కింది రెప్ప లాగి చూసి, నా వైపు తిరిగి మందలింపుగా చెప్పింది:

“రక్తం బాగా తక్కువగా ఉందండీ. ఎదిగే పిల్ల. పెద్దమనిషి అయ్యేలోపే కాస్త రక్తం పట్టించండి. ఆ తర్వాత నెలనెలా పోయేదే గానీ ఊరికే వచ్చేది ఉండదు. ఆకుకూరలు, గుడ్లు, బెల్లం, నువ్వులు... ఇంట్లో ఆడవాళ్ళకి తెలుస్తాయిగా ఇవన్నీ.”

ఇంట్లో ఆడవాళ్ళంటే ‘అదీ’ అనే మా అమ్మ. బయటికొచ్చి టానిక్ సీసా కొని బస్సెక్కాను. ఆ రోజు నుంచి నా భయమల్లా ఒక్కటే. ఈ పిల్ల ఇలా పుల్లలా ఉండగానే ఆ రోజు వచ్చేస్తే ఎలా?

ఒక సాయంత్రం అది ఏదో కథల పుస్తకం చదువుకుంటుంటే, నేను కలిపిన అన్నంలోంచి ఒక ముద్ద దాని నోటి దగ్గర పెట్టాను. పుస్తకం లోంచి తల ఎత్తకుండానే నోరు తెరిచింది. ఇంకోటి పెట్టాను. తిన్నది. నాకు దొంగతనం చేసి దొరకనంత సంబరమేసింది. అప్పట్నుంచి అదే పద్ధతి. ఉయ్యూరు నుంచి వచ్చి, చెరకు పిప్పి వాసన కొట్టే చొక్కా మార్చుకుని, వంట చేసి, అమ్మకు చెంచాతో పెట్టి, ఆ తర్వాత పెద్ద కంచంలో కలిపి పిల్లకు ముద్దలు పెట్టేవాణ్ణి. ముద్ద పెద్దదైతే బుగ్గలో దాచుకుని, నేనటు తిరగ్గానే పెరట్లో ఉమ్మేసి వచ్చేది. ఉసిరికాయంత చేస్తే మింగేది. తోటకూర కాడ కనపడకుండా, గుడ్డు పచ్చసొన వాసన రాకుండా మధ్యలో దాచి, నేతితో పైన నున్నగా తిప్పి పెట్టడం నేర్చుకున్నాను. కాటా దగ్గర చూపించలేని పనితనమంతా ఆ కంచం దగ్గర చూపించాను. ఇదేం చోద్యం, ఇంత పిల్లకి ముద్దలు పెట్టడమేంటని ఇంటివాళ్ళావిడ వాకిట్లో అంటుంటే వినపడింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకో!

రోజు మొత్తంలో నాకు మనిషి తోడున్నట్టు అనిపించేది ఆ కాసేపే. అది మాట్లాడేది కాదు, నేనూ మాట్లాడేవాణ్ణి కాదు. పేజీ తిప్పిన చప్పుడు, నమిలిన చప్పుడు, అంతే. చివర్న మిగిలిన నాలుగు మెతుకులు అదే కంచంలో నేను తినేసేవాణ్ణి. అమ్మకేం పెట్టాలో డాక్టరు చెప్పాడు, పిల్లకేం పెట్టాలో డాక్టరమ్మ చెప్పింది. మధ్యలో నలభయ్యేళ్ళ మగాడు ఏం తినాలో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

అలా రెండేళ్ళు గడిచాయి. చెరకు సీజను మంచి ఊపు మీద ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి, పక్క వాటావిడ గేటు దగ్గరే నిలబడి ఉంది. నన్ను అన్నయ్యగారూ అని పిలిచేది. చెయ్యి అడ్డం పెట్టింది.

“ముందు గదిలోకి వెళ్ళకండి అన్నయ్యగారూ. వెనకనించి రండి.”

“ఏమైందమ్మా? పిల్లకేమైనా...”

“ఏం కాలేదండీ. శుభమే. పిల్ల పెద్దమనిషయ్యింది. స్కూల్నించి వచ్చి నాకు చెప్పింది. చాప మీద కూర్చోబెట్టాను. స్నానం అయ్యేదాకా మీరు చూడకూడదు కదా.”

శుభమంది. డాక్టరమ్మ చెప్పిన రోజు వచ్చేసింది. పిల్ల ఇంకా పుల్లలాగే ఉంది.

“చిమ్మిలి పెట్టాలండీ ముందు. నడుముకి బలం, రక్తం పడుతుంది. మేనమామలుంటే వాళ్ళు తెచ్చేవాళ్ళు,” అని ఆగింది. మా ఆవిడకు అన్నదమ్ములు లేరని ఆవిడకు తెలుసు. “నేను చేసి పెడతాలెండి.”

నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. ఆవిడ మీద కాదు. రెండేళ్ళుగా ఊళ్ళో వాళ్ళ జాలి టిఫిన్ క్యారియర్లలో మా ఇంటికొస్తూనే ఉంది. ఈ ఒక్కటీ దానికి పుట్టింటి నుంచి రానీ అనిపించింది. పుట్టిల్లంటే నేనేగా.

“మా ఇంట్లో రోలు లేదా, నాకు చేతుల్లేవా? ఎలా చెయ్యాలో చెప్పమ్మా, చాలు.”

“నువ్వులు దోరగా వేయించి, బెల్లం వేసి, నూనె చేతికి తగిలేదాకా దంచడమేనండీ. ఏముంది,” అంది ఆవిడ, ఏమనాలో తెలియక.

సెంటర్లో కిరాణా కొట్టుకెళ్ళి నువ్వులు కావాలన్నాను. కొట్టాయన నాకు ఎప్పట్నుంచో తెలుసు. నా మొహం చూసి, కూర్చుని ఉన్నవాడు లేచి, ఏ రకమని గానీ ఎన్ని అని గానీ అడక్కుండా డబ్బాలోంచి తీసి పొట్లం కట్టాడు. చిల్లర ఇస్తూ నా చేతి మీద చెయ్యి వేశాడు. మనిషి మంచివాడు అనుకున్నాను. బెల్లం అచ్చు కూడా అడిగితే కాస్త వింతగా చూశాడు.

పెరటి వరండాలో అమ్మ మంచం. దాని పక్కనే రోలు. నువ్వులు మూకుట్లో చిటపటలాడితే దించి, బెల్లం తరిగి, చొక్కా విప్పి దంచడం మొదలెట్టాను. అమ్మ తల తిప్పి చూసింది. రోట్లోకి చూసింది. “అదీ” అంది.

“చిమ్మిలమ్మా. నీ మనవరాలు పెద్దదయ్యింది.”

“అదీ! అదీ!” ఎడం చెయ్యి గాల్లో ఊపుతోంది. కళ్ళు పెద్దవయ్యాయి. రుచి చూడాలని ఆరాటపడుతోందనుకుని, చిటికెడు తీసి నాలుక మీద పెట్టాను. తుపుక్కున ఉమ్మేసింది. నా చెయ్యి పట్టుకుని ఇంకా గట్టిగా “అదీ!” అంది. ఉప్పు లేని పప్పుకు లేని కోపం బెల్లం మీదెందుకో నాకర్థం కాలేదు. విసుగొచ్చి, ‘వద్దంటే మానెయ్’ అని మళ్ళీ రోకలి పట్టుకున్నాను. ఆవిడ మంచం పట్టె మీద చేత్తో కొడుతూనే ఉంది. దానికి తోడు నా రోకలి చప్పుడు.

నూనె తేలింది. చక్కగా ఉండలు కట్టి, స్టీలు ప్లేటులో పేర్చి, గర్వంగా మధ్య గుమ్మం దాకా తెచ్చాను. మా ఆవిడ పాత చీర ఒకటి తీసి ఆ గుమ్మానికి తెరలా కట్టింది పక్కావిడ. తెర అవతల నా కూతురు చాప మీద కూర్చుని ఉంది. తెర ఇవతల నేను. పక్కావిడ ప్లేటు అందుకోబోయి, చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

“అయ్యో అన్నయ్యగారూ! ఇవి నల్ల నువ్వులండీ!”

అప్పుడు చూశాను. అంతదాకా చూడలేదని కాదు. ఎడ్లబండి లోడు కంటితో తూచే మనిషిని, నువ్వులు నల్లగా ఉన్నాయని తెలీదా? తెలుసు. కానీ నా జన్మలో నేను కొట్టుకెళ్ళి కొన్న నువ్వులు అవే. మా ఆవిడ తద్దినానికి, ఏడాదికొకసారి. నువ్వులంటే నాకు అవే. కొట్టాయన చేతి మీద చెయ్యి ఎందుకు వేశాడో, అమ్మ మంచం పట్టె ఎందుకు బాదిందో ఒక్కసారే తెలిసింది. ఇంట్లో ఆ తప్పు తెలిసిన ఒకే ఒక్క మనిషికి దాన్ని చెప్పే మాట లేదు.

“పెద్దలకి పెట్టేవండీ ఇవి. శుభానికి తెల్లవి కదా వాడేది. ఉండండి, మా ఇంట్లో ఉంటాయేమో చూస్తాను,” అని ఆవిడ గొంతు తగ్గించి అంది. ఎంత తగ్గిస్తే మాత్రం ఏముంది, మధ్యలో ఉన్నది చీరేగా.

“ఏంటాంటీ?” అంది తెర అవతల్నించి పిల్ల.

“ఏం లేదమ్మా. నాన్నగారు నువ్వులు మార్చి తెచ్చారు. వేరేవి చేసి పెడతాను.”

“అమ్మకి పెడతాం కదా నది దగ్గర, అవా?”

పక్కావిడ తెర అంచు సర్దింది.

“అవైతే ఇటివ్వండి. నేను తింటాను.”

“తప్పమ్మా, తినకూడదు...”

“అమ్మ తింటుంది కదా ఆంటీ. నాకూ అవే ఇవ్వండి. నాన్నే చేశాడు కదా.”

పక్కావిడ నా వైపు చూసింది. ఏం చెయ్యమంటారు అన్నట్టు. నేను ప్లేటు కింద పెట్టి, తెర కింది నుంచి అవతలికి నెట్టాను. చూడకూడదన్నారు గానీ నెట్టకూడదనలేదుగా. అది తింటున్న చప్పుడు వినపడింది. పుస్తకం పేజీ చప్పుడు లేదు, ఒట్టి నమలడమే. అంత ఇష్టంగా అది ఏదైనా నమలగా నేను వినలేదు. పక్కావిడ పైట చెంగుతో కళ్ళు తుడుచుకుని, దీనికి శాంతి ఏదైనా చేయించాలేమో కనుక్కుంటానంది. తెర కింది నుంచి ప్లేటు వెనక్కి వచ్చింది. ఖాళీగా.

ఆ సంతోషంలో అన్నం వండాను. పప్పు ఉప్పు లేకుండా తీసి అమ్మకు పెట్టాను. ఈసారి ఆవిడ నా మొహం చూస్తూ మింగింది. తర్వాత అలవాటుగా పెద్ద కంచంలో కలిపాను. నెయ్యి వేసి, గుడ్డు చిదిపి, ముద్దలు చేసి అంచు చుట్టూ పేర్చాను. కంచం పట్టుకుని తెర దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. పక్కావిడ తన ఇంటి నుంచి విడిగా ఒక చిన్న కంచం, గ్లాసు తెచ్చి ఉంచింది.

“ఇక మీరు కలిపి పెట్టకండి అన్నయ్యగారూ,” అంది మెల్లగా. “పెద్దపిల్ల. తనే కలుపుకుని తింటుంది. బావుండదు.”

“అది తినదమ్మా. పెడితేనే తింటుంది.”

“నేను తింటాలే నాన్నా,” అంది అవతల్నించి.

తిన్నది. తనే కలుపుకుని, రెండోసారి అన్నం అడిగి మరీ తిన్నది. పక్కావిడ వడ్డిస్తూ నాకు వినపడేలా చెప్పింది, ‘కూర కూడా వేసుకుందండీ’ అని. నేను వంటింట్లో కూర్చుని, చుట్టూ పేర్చిన ఆ ముద్దలన్నీ ఒక్కొక్కటే తినేశాను. ఎదిగే పిల్లకు కావలసిన గుడ్డు, నెయ్యి, తోటకూర అన్నీ ఆ పూట నాకు దక్కాయి. ఏడుపొచ్చింది. ఏడ్చాను. రెండేళ్ళుగా దేవుణ్ణి ఏం అడిగానో అదే ఇచ్చాడు, పిల్ల తనంతట తాను తిన్నది. ఇచ్చినదానికి ఏడుస్తానని నాకేం తెలుసు.

స్నానం అయ్యి, కొత్త లంగా ఓణీ వేసుకుని బయటకొచ్చిన రోజు, అది తన కంచం తనే కడుక్కుని తెచ్చుకుని నాకు కాస్త దూరంగా కూర్చుంది. ముద్దలు పెట్టనా అని నేనడగలేదు. పెట్టమని అది అడగలేదు. పుస్తకం కూడా తెచ్చుకోలేదు. ఎదురుగా కూర్చుని పెద్దమనిషిలా నన్నే అడిగింది, “నువ్వు గిన్నెలోంచి తింటావేంటి నాన్నా? కంచం పెట్టుకోవచ్చుగా” అని. ఆ వేసవికి కళ్ళ కింది నీడలు పోయాయి. డాక్టరమ్మ రెప్ప లాగి చూసి, “ఆడవాళ్ళెవరో బాగానే చూసుకుంటున్నారే” అంది. అవునండీ అన్నాను.

తర్వాత కొన్నేళ్ళకు అమ్మ పోయింది. చివరి రోజుల్లో ఇంక ఉప్పుతో పనేముందని రోజూ ఆవకాయ నూనె రాశాను నాలుక మీద. పిల్ల చదువు, హాస్టలు, ఉద్యోగం, పెళ్ళి అన్నీ అందరి పిల్లలకు జరిగినట్టే జరిగాయి. హైదరాబాదులో ఉంటుంది. ఫోను చేసినప్పుడల్లా మొదటి మాట “తిన్నావా నాన్నా?” తిన్నానంటాను. ఏం తిన్నావని అడిగితే మాత్రం తడుముకుంటాను. రెండు వేలు దాటాక నాకు షుగరొచ్చింది. ‘ఉయ్యూరులో ఉద్యోగం చేసినందుకు గుర్తా?’ అని డాక్టరు నవ్వాడు. ఏం తినాలో నాకూ ఒకాయన చెప్పాడన్నమాట, చివరికి. ఇప్పుడు పప్పు ఒకేసారి ఉడుకుతుంది. ముందు తియ్యాల్సిన వాటా లేదు, తర్వాత వెయ్యాల్సిన ఉప్పు లేదు. అంతా ఒక్క మనిషిది. పొద్దున వండింది సాయంత్రం దాకా ఉంటుంది. పొయ్యి దగ్గర నిలబడి తినేసి, నీళ్ళు తాగుతాను.

ఒకసారి ఏలూరు వెళ్తుంటే హనుమాన్ జంక్షన్లో బస్సు ఆగింది. బుట్టలో నల్లటి ఉండలు పెట్టుకుని ఒకావిడ కిటికీ దగ్గరికొచ్చింది. నల్ల నువ్వుల చిమ్మిలి.

“ఇవి శుభానికి పనికిరావు కదమ్మా?” అన్నాను.

“ఎవరన్నారండీ? మా వైపు పెద్దమనిషైన పిల్లకి ఇవే పెడతాం. తెల్లవాటికన్నా ఇవే బలం. తీసుకోండి బాబాయిగారూ.”

షుగరు సంగతి మర్చిపోయి కొన్నాను. ఒకటి నోట్లో వేసుకుని, బస్సులో ఒక్కణ్ణే పైకి నవ్వాను. పక్క సీటాయన జరిగి కూర్చున్నాడు. ఇంటికెళ్ళి అమ్మతో చెప్పాలి, నువ్వు ఊరికే మంచం బాదావే అని, అనుకున్నాను. ఏలూరు దగ్గరపడేదాకా ఆ ఆలోచనలోనే ఉన్నాను, అమ్మ లేదని గుర్తు రావడానికి అంతసేపు పట్టింది.

ఏటా మా ఆవిడ తిథికీ, అమ్మ తిథికీ కృష్ణ ఒడ్డుకు వెళ్తాను. నల్ల నువ్వులు నేనే కొంటాను. కొట్టాయన పోయాడు, వాళ్ళబ్బాయి ‘తెల్లవా, నల్లవా అంకుల్?’ అని అడుగుతాడు. ఘాట్ మెట్ల మీద కూర్చుని, వేడన్నంలో నువ్వులు కలిపి పిండాలు చేస్తాను. కిందటేడు కొత్త పురోహితుడు వచ్చాడు. కుర్రవాడు, మాట చురుకు. మంత్రం ఆపి నా విస్తరిలోకి చూశాడు.

“ఏంటండీ ఇవి? పిండమంటే వెలక్కాయంత ఉండాలి. మీరు ఉసిరికాయలు చేస్తున్నారు.”

చూసుకున్నాను. అన్నీ ఒకే కొలత. నువ్వు గింజ పైకి కనపడకుండా, నున్నగా తిప్పి, ఆకు అంచు చుట్టూ పేర్చి ఉన్నాయి. చేతికి అదొక్కటే వచ్చు.

“అలవాటండీ,” అన్నాను.

ఆయన చెప్పినట్టే అన్నీ కలిపి పెద్దవి చేశాను. ఇప్పుడు నా చేతి ముద్ద తినేది, ఏడాదికొకసారి, వాళ్ళిద్దరే.